పాత ఫ్యాక్టరీ స్థలంలో ప్లాటు కొన్నాం, బోరు నీళ్లు పసుపుగా వస్తున్నాయి. ఇల్లు కట్టొచ్చా?

ప్రశ్న: నాన్నగారి రిటైర్మెంట్ డబ్బుతో పటాన్‌చెరు, బొల్లారం మధ్య ఒక వెంచర్‌లో ప్లాటు కొన్నాం. రిజిస్ట్రేషన్ అయిపోయింది. శ్రావణంలో శంకుస్థాపన అనుకున్నాం. బోరు వేయిస్తే నీళ్లు బాగానే పడ్డాయి కానీ లేత పసుపు రంగులో ఉన్నాయి, పెయింట్‌లో కలిపే థిన్నర్ లాంటి వాసన కొంచెం వస్తోంది. చుట్టుపక్కల అడిగితే ఇక్కడ ఒకప్పుడు కెమికల్ ఫ్యాక్టరీ ఉండేదని, అది మూతపడ్డాక ఎర్రమట్టి తోలి చదును చేసి ప్లాట్లు వేశారని చెప్పారు. వెంచర్ వాళ్లు ఒక ల్యాబ్ రిపోర్టు పంపారు. అందులో అన్నీ పరిమితుల్లోనే ఉన్నాయి. ఆర్‌ఓ పెట్టుకుంటే చాలంటున్నారు, కావాలంటే తమకు తెలిసిన ఎన్విరాన్‌మెంటల్ కన్సల్టెంట్‌తో "క్లీన్ సర్టిఫికెట్" ఇప్పిస్తామంటున్నారు. మాకు ఇద్దరు చిన్నపిల్లలు. నాన్నగారు ముహూర్తం దాటిపోతుందని టెన్షన్ పడుతున్నారు. ఇల్లు మొదలుపెట్టొచ్చా? ఎవరి మాట నమ్మాలి? (పేరు రాయొద్దన్నారు)

జవాబు: ముందు చేయాల్సినవి చెప్పేస్తాను, ఎందుకన్నది తర్వాత మాట్లాడుకుందాం. ఈ శ్రావణంలో శంకుస్థాపన వద్దు. ఆ బోరు నీళ్లు తాగడానికీ వంటకే కాదు, స్నానానికీ బట్టలుతకడానికీ మొక్కలకీ కూడా వాడొద్దు. పక్కన ఇంకో బోరు వేయించొద్దు. పిల్లల్ని అక్కడ మట్టిలో ఆడనివ్వొద్దు. వెంచర్ వాళ్లు ఏ కాగితం తెచ్చినా లాయరుకి చూపించకుండా సంతకం పెట్టొద్దు. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. కానీ పునాది తవ్వేశాక, స్లాబు పడ్డాక ఇదే ప్రశ్న అడిగితే నా దగ్గర ఇంత తేలికైన జవాబు ఉండదు.

ఇప్పుడు మీరు పంపిన ల్యాబ్ రిపోర్టు సంగతి. చూశాను. అందులో ఉన్నవి పీహెచ్, టీడీఎస్, కాఠిన్యం, క్లోరైడ్లు, సల్ఫేట్లు, నైట్రేటు, ఫ్లోరైడు, ఐరన్, చివర్లో కోలిఫారం. ఇది మామూలు ఊళ్లో మామూలు బోరుకి చేయించే పరీక్ష. ఫ్లోరైడు ఎక్కువుందా, మురుగు కలిసిందా అన్నది తెలుస్తుంది, అంతే. కెమికల్ ఫ్యాక్టరీ ఉన్న చోట వెతకాల్సిన ద్రావకాలు (ఇతర పదార్థాలను కరిగించే థిన్నర్ లాంటి ద్రవాలు), సీసం, పాదరసం లాంటి భారలోహాలు, రంగుల తయారీలో మిగిలే పదార్థాలు వీటిలో ఒక్కటీ లేవు. జ్వరం అని వెళ్తే బీపీ చూసి బాగానే ఉందని పంపించేసినట్టుంది. రిపోర్టు అబద్ధమని నేననడం లేదు, అడిగిన వాటికి అది నిజమే చెప్పి ఉండొచ్చు. అడగాల్సినవి ఎవరూ అడగలేదు. ఆ స్థలంలో ఏం తయారుచేశారో, ఏం వాడారో, ఎక్కడ పారబోశారో తెలియకుండా ఏ ల్యాబుకీ సరైన పరీక్ష చేయడం సాధ్యం కాదు. ముందు చరిత్ర, తర్వాతే పరీక్ష. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క వరుస మీదే నడుస్తుంది.

ఇంట్లోనే చేయగలిగిన చిన్న పని ఒకటుంది. శుభ్రమైన, రంగులేని గాజు సీసాలో ఆ నీళ్లు పట్టి మూత పెట్టకుండా బయట, పిల్లలకు అందని చోట ఒక రాత్రి ఉంచండి. పట్టినప్పుడు తేటగా ఉండి తెల్లారేసరికి తుప్పు రంగుకి తిరిగి అడుగున చేరితే అది ఐరన్, చాలా బోర్లలో మామూలే. పట్టినప్పుడే పసుపుగా ఉండి మర్నాటికీ అలాగే పసుపుగా, అడుగున ఏమీ చేరకుండా ఉంటే అనుమానించాలి. రంగుల తయారీ మధ్య దశల్లో వచ్చే రసాయనాలు కొన్ని అలాగే ఉంటాయి. హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియం లోహానికి విషపూరితమైన రూపం) కూడా నీళ్లకి పసుపు రంగే ఇస్తుంది. తాగునీటికి మన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం క్రోమియం లీటరుకి 0.05 మిల్లీగ్రాములు దాటకూడదు. కంటికి పసుపు కనిపించే సరికే అది ఆ పరిమితికి ఎన్నో రెట్లు దాటి ఉంటుంది. రంగు కనిపించనంత మాత్రాన తక్కువుందని కాదు, కాబట్టి ఈ సీసా చూసి ధైర్యం తెచ్చుకోకండి, అనుమానం బలపడిందా లేదా అన్నంత వరకే దీన్ని వాడండి. వాసన మాత్రం దగ్గర పెట్టుకుని మళ్లీ మళ్లీ చూడొద్దు. థిన్నర్ వాసన అంటున్నారంటే ద్రావకాలు ఉండొచ్చు, అవి ఊపిరితో కూడా ఒంట్లోకి పోతాయి.

ఆర్‌ఓ ఎందుకు చాలదో ఇక్కడే చెప్పేస్తాను. ఆర్‌ఓ పొర లోహాలనీ లవణాలనీ చాలావరకు ఆపుతుంది, చిన్న అణువులుండే కొన్ని ద్రావకాలను మాత్రం పూర్తిగా ఆపలేదు. పైగా ఆర్‌ఓ వంటగదిలో ఒక కుళాయికే ఉంటుంది, స్నానాల గదిలో వేడినీళ్ల ఆవిరిలో వచ్చేదాన్ని ఎవరు ఆపుతారు? కాచి తాగితే సరిపోతుందని కూడా కొందరంటారు. కాచడం సూక్ష్మక్రిములకు మందు. లోహాలైతే నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడతాయి, ద్రావకాలైతే వంటింటి గాలిలో కలుస్తాయి.

మీరు కొన్న ప్రాంతం మామూలు ప్రాంతం కాదు. 1970లు, 80లలో పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ పరిశ్రమలు (మందుల ముడిసరుకు తయారుచేసే బల్క్ డ్రగ్ యూనిట్లు, రంగులు, పురుగుమందులు) వేగంగా వచ్చాయి. వ్యర్థజలాలు శుద్ధి చేసే ఏర్పాట్లు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చాయి. నక్కవాగు మీదుగా ఆ నీళ్లన్నీ మంజీర వైపు పోయాయి. పొలాలు పోయిన రైతుల తరఫున కేసు 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, నష్టపరిహారాలు కట్టాల్సి వచ్చింది. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ కిషన్‌రావు గారు తన పేషెంట్లలో కనిపించిన జబ్బుల నుంచి మొదలుపెట్టి దశాబ్దాల పాటు దీని మీద పోరాడారు. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో, అంటే శుద్ధి అయ్యాక వచ్చే నీళ్లలో, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉందని ప్రచురిస్తే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మీ ప్లాటు కింద ఇవన్నీ ఉన్నాయని కాదు. అక్కడ "అంతా బాగానే ఉంది" అన్న మాటని ఊరికే ఒప్పుకోకూడదు, రుజువు అడగాలి, అందుకు చెబుతున్నాను.

ఎర్రమట్టి తోలి ఇళ్లు కట్టడం కొత్తదీ కాదు. అమెరికాలో నయాగరా జలపాతం దగ్గర లవ్ కెనాల్ అనే చోట ఒక కంపెనీ పాత కాలువలో ఇరవై వేల టన్నులకు పైగా రసాయన వ్యర్థాలు పూడ్చి, మీద బంకమట్టి కప్పి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకి స్కూలు బోర్డుకి రాసిచ్చింది. దాని మీద బడి వచ్చింది, చుట్టూ ఇళ్లు వచ్చాయి. పాతికేళ్ల తర్వాత, వానలకు నీటిమట్టం పెరిగి అవన్నీ సెల్లార్లలోకీ పెరళ్లలోకీ ఊరాయి. 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించారు. 1980లో అమెరికా కలుషిత స్థలాల శుద్ధికి సూపర్‌ఫండ్ చట్టం తెచ్చిందంటే దాని వెనక ఉన్న పెద్ద కారణాల్లో ఇదొకటి. ఆ చట్టం కింద స్థలం ఇప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మీద కూడా శుద్ధి బాధ్యత పడొచ్చు, అందుకే అక్కడ వాణిజ్య స్థలం కొనేవాళ్లు, అప్పిచ్చే బ్యాంకులు ముందే స్థలం పాత చరిత్ర వెతికే "ఫేజ్ వన్" అనే పరిశోధన చేయిస్తారు. అక్కడ గ్యాస్ స్టేషన్లు, మోటెల్స్ కొనే మన తెలుగువాళ్లందరికీ ఈ మాట బాగా తెలుసు. ఇక్కడ కొనేటప్పుడు మాత్రం ఈసీ చూస్తాం, లింకు డాక్యుమెంట్లు చూస్తాం, వాస్తు చూస్తాం, కింద ఏముందో చూడం. ఈసీలో అప్పులు కనపడతాయి, పారబోసిన రసాయనాలు కనపడవు.

సరే, చరిత్ర ఎలా తెలుసుకోవాలి? ఇది మీరే మొదలుపెట్టొచ్చు, కన్సల్టెంట్ దాకా ఆగక్కర్లేదు. లింకు డాక్యుమెంట్లలో సర్వే నంబరు, పాత యజమాని కంపెనీ పేరు ఉంటాయి. ఆ పేరు, సర్వే నంబరు రాసి తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. ఏం అడగాలంటే: ఆ యూనిట్‌కి ఇచ్చిన స్థాపన, నిర్వహణ అనుమతుల కాపీలు (ఏ ఉత్పత్తులు, ఎంత, వ్యర్థజలాలు ఎంత అన్నది వాటిలోనే ఉంటుంది), ప్రమాదకర వ్యర్థాల ఆథరైజేషన్, ఏటా కంపెనీ ఇవ్వాల్సిన పర్యావరణ నివేదికలు, తనిఖీ రిపోర్టులు, మూసివేత ఆదేశాలు, మూసేటప్పుడు మిగిలిన వ్యర్థాలు ఎక్కడికి పంపారన్న రికార్డు. చివరిది చాలా ముఖ్యం. వ్యర్థాలు దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి వెళ్లుంటే లారీ లారీకీ మానిఫెస్టు, అంటే ఏ వ్యర్థం ఎక్కడికి వెళ్లిందో రాసిన రవాణా చీటీ, ఉంటుంది. మానిఫెస్టు లేదంటే అవి ఎక్కడికి పోయాయన్నది మీ మొదటి ప్రశ్న. జవాబు ఇవ్వడానికి 30 రోజుల గడువు ఉంటుంది. స్థలం ఒకప్పుడు ఐడీఏలో (ప్రభుత్వ పారిశ్రామిక వాడ) భాగమైతే టీజీఐఐసీలో (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ) కూడా ఫైలుంటుంది.

గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు చూసే వీలుంది, హైదరాబాద్ చుట్టూ 2000ల మొదటి ఏళ్ల నుంచి దొరుకుతాయి. షెడ్లు ఎక్కడున్నాయి, నల్లటి చెరువు లాంటి గుంట ఎక్కడుంది, డ్రమ్ములు పేర్చిన యార్డు ఎక్కడ, వెనక ప్రహరీ పక్కన గడ్డి కూడా మొలవని మచ్చ ఎక్కడ, మీ ప్లాటు వీటిలో దేని మీద పడింది అన్నది వెంచర్ లేఅవుట్ పక్కన పెట్టుకుని చూడండి. ఇక్కడి యూనిట్లలో చాలావాటికి వ్యర్థజలాలు ఎండబెట్టే సోలార్ ఆవిరి గుంటలుండేవి. అడుగున లైనింగు చిరిగితే అన్నిటికంటే ఎక్కువ ఇంకేది అక్కడే. ఆ తర్వాత మనుషులు. పాత కార్మికులు, వాచ్‌మన్, పక్క ఊరి గొర్రెల కాపర్లు. నా అనుభవంలో కాపర్లు చెప్పినంత కచ్చితంగా మ్యాపులు చెప్పవు, ఏ కుంటలో నీళ్లు జీవాలు ముట్టవో, ఏ బోరు ఎప్పుడు వాసన మొదలైందో, రాత్రిపూట ట్యాంకర్లు ఎటు వెళ్లేవో వాళ్లకి తెలుసు. పనికిరాని బోర్లలోకే వ్యర్థజలాలు దించుతున్నారన్న ఫిర్యాదులు ఈ ప్రాంతంలో కొత్త కాదు, ఆ సంగతి కూడా అడగండి.

ఇంకో బోరు వద్దని ఎందుకన్నానో చెప్పాలి, ఎందుకంటే మీకు వచ్చే మొదటి సలహా అదే అవుతుంది, "ఇంకో మూలన వేసి చూడండి, మంచి నీళ్లు పడొచ్చు" అని. మనది గ్రానైటు నేల. పైన మట్టి, కింద మొరం, దాని కింద బండ, బండలో చీలికలు. రసాయనాలు ముందు మట్టిలో, మొరంలో నిలుస్తాయి, అక్కడి నుంచి చీలికల వెంట ప్రయాణిస్తాయి. ఇసుక నేలలో లాగా ఒక దిక్కున నెమ్మదిగా పాకవు, ఏ చీలిక ఎటు పోతే అటు. అందుకే మీ బోరులో ఉండి పక్కింటి బోరులో లేకపోవచ్చు, అర కిలోమీటరు అవతల మళ్లీ కనిపించొచ్చు. టోలుయిన్ లాంటి ద్రావకాలు నీటి మీద తేలతాయి. డైక్లోరోమీథేన్, క్లోరోఫాం లాంటివి నీటికంటే బరువు, మునిగి కిందికి, ఇంకా కిందికి పోతూనే ఉంటాయి. బల్క్ డ్రగ్ తయారీలో ఈ రెండు రకాలూ వాడతారు. ఇలాంటి చోట కేసింగు చుట్టూ సరిగా సీలు చేయకుండా వందల అడుగులు బోరు దించితే పై పొరలో ఉన్న విషానికి మీరే కిందికి దారి వేసినట్టవుతుంది. ఇప్పుడున్న బోరుని కూడా పరీక్షలు అయ్యాక, వాడబోమని తేలితే, మూత బిగించి వదిలేయకుండా సిమెంటు, బెంటొనైట్ అనే బంకమట్టితో కింది నుంచి పైదాకా పూడ్పించాలి.

కన్సల్టెంట్ విషయానికి వస్తాను. మొదటి మాట: "క్లీన్ సర్టిఫికెట్" అనేదేదీ లేదు. పరిశోధన చేస్తానని వచ్చి, చేయకముందే ఫలితం చెప్పేవాడిని గేటు దగ్గరి నుంచే పంపించేయండి. రెండో మాట, డబ్బెవరు కడితే రిపోర్టు వాళ్లది. వెంచర్ వాళ్లు పెట్టుకున్న కన్సల్టెంట్ నిజాయితీపరుడే కావచ్చు, కానీ ఎన్ని చోట్ల, ఎంత లోతున, ఏ పరీక్షలు అన్నది వాళ్లే తేలుస్తారు, చెడ్డ ఫలితం వస్తే మీకు చూపించాలా వద్దా అన్నదీ వాళ్లే తేలుస్తారు. ప్లాట్లు కొన్నవాళ్లంతా ఒక సంఘంగా చేరండి, ఖర్చు పంచుకోండి, కన్సల్టెంట్‌ని మీరే పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఉండటం ఈ విషయంలో మీకు కలిసొచ్చే సంగతే. ఉప్పల్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) ఉంది, భూగర్భజలాల మీద, ముఖ్యంగా గ్రానైటు నేలల మీద వాళ్లకున్న పట్టు చాలా గొప్పది. గచ్చిబౌలిలో ఈపీటీఆర్‌ఐ (పర్యావరణ పరిరక్షణ శిక్షణ, పరిశోధన సంస్థ) ఉంది. వీళ్లని నేరుగా పెట్టుకోలేకపోయినా అక్కడ పనిచేసి రిటైరైన శాస్త్రవేత్త ఒకరిని మీ సంఘం తరఫున రిపోర్టు చదవమని అడగొచ్చు.

నమూనాలు తీసే రోజు మీరు అక్కడే ఉండండి. మోసం కంటే ఎక్కువగా నిర్లక్ష్యం జరిగేది ఆ రోజే. ద్రావకాల కోసం నీళ్లు పట్టాలంటే 40 మిల్లీలీటర్ల గాజు సీసా నిండా, గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా పట్టి, ఐసు పెట్టెలో ఉంచి పంపాలి. వాటర్ బాటిల్లో పట్టుకెళ్తే ల్యాబు చేరేసరికి సగం గాలిలో కలిసిపోతుంది, రిపోర్టులో "లేదు" అని వస్తుంది. హెక్సావాలెంట్ క్రోమియం అయితే 24 గంటల్లో పరీక్ష జరగాలి. బోరుని ముందు కాసేపు నడిపి, పీహెచ్, కండక్టివిటీ నిలకడగా వచ్చాకే పట్టాలి. ఏ సీసా ఎవరు పట్టారు, ఎప్పుడు, ఎవరి చేతికిచ్చారు అన్న కాగితం సీసాతోపాటే వెళ్లాలి, రేపు పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్‌లో అడిగేది ఆ కాగితాన్నే. ఒక చోట రెండు నమూనాలు పట్టి వేర్వేరు పేర్లతో పంపితే ల్యాబు పనితనం కూడా తెలిసిపోతుంది.

మట్టి ఇంకా ముఖ్యం. పిల్లలు చేతులు నోట్లో పెట్టుకునే వయసు కదా, వాళ్లకి నీళ్ల కంటే మట్టి, దుమ్ము దారిలోనే సీసం లాంటివి ఎక్కువ చేరే అవకాశం ఉంటుంది. తోలిన ఎర్రమట్టిని మాత్రమే తవ్వి పరీక్షిస్తే అది ఎక్కడో కొండ దగ్గరి మంచి మట్టి, బాగానే వస్తుంది. ఎర్రమట్టి ఎంత మందం ఉందో కొలిచి, దాని కింద అసలు నేల మొదలయ్యే చోట ఒకటి, ఇంకో అడుగు రెండడుగుల లోతున ఒకటి, మొరం దాకా వెళ్లి ఒకటి తీయాలి. పది చోట్ల మట్టి ఒక సంచిలో కలిపి ఒకే నమూనాగా పంపుతామంటారు, చవక అని. ఒక్క చోట ఘోరంగా ఉండి తొమ్మిది చోట్ల బాగుంటే కలిపిన దానిలో ఆ ఒక్కటీ కరిగిపోతుంది. ఒప్పుకోకండి.

రిపోర్టు వచ్చాక మూడు సంగతులు చూడండి. "బీడీఎల్" (గుర్తించగలిగే స్థాయి కంటే తక్కువ) అని రాసి ఉంటే సంతోషపడకుండా ఆ ల్యాబు గుర్తించగలిగే కనీస స్థాయి ఎంతో పక్కన చూడండి. ఆర్సెనిక్‌కి తాగునీటిలో ఆమోదయోగ్యమైన పరిమితి లీటరుకి 0.01 మిల్లీగ్రాము. ల్యాబు గుర్తించగలిగేదే 0.05 నుంచి అయితే, దానికి అయిదు రెట్ల దగ్గర దాకా ఉన్నా "బీడీఎల్" అనే వస్తుంది. సీసానికీ పరిమితి 0.01, కాడ్మియంకి 0.003, పాదరసానికి 0.001, వీటన్నిటికీ ఇదే చిక్కు. రెండోది, ల్యాబులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తు రిపోర్టు మీద ఉంటే చాలదు, ఆ ఫలానా పరీక్షకి ఆ ల్యాబుకి గుర్తింపు ఉందా అన్నది ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. మూడోది కొంచెం టెక్నికల్, కానీ ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కాబట్టి చెప్పక తప్పదు. మట్టికి టీసీఎల్‌పీ పరీక్ష చేసి "ప్రమాదకరం కాదు" అని రాస్తారు. ఆ పరీక్ష ఒక వ్యర్థాన్ని డంపింగ్ కేంద్రంలో పూడిస్తే అందులోంచి ఎంత ఊరుతుందో అంచనా వేయడానికి పెట్టింది. ఆ మట్టి మీద పిల్లలు ఆడొచ్చా అన్నదానికి అది జవాబు కాదు. మీరు అడగాల్సింది మట్టిలో మొత్తం ఎంతుందని, కిలోకి ఇన్ని మిల్లీగ్రాములని.

ద్రావకాలు ఉన్నాయని తేలితే నేలలోని గాలి కూడా పరీక్షించాలి. బోరు వాడకపోయినా, మున్సిపల్ నీళ్లే తాగినా, నేల కింద నుంచి ఆవిరులు లేచి గచ్చు పగుళ్లలోంచి, పైపుల పక్క సందుల్లోంచి ఇంట్లోకి వస్తాయి, తలుపులేసుకుని పడుకున్న గదిలో నిలుస్తాయి. బోరు నీళ్లు వాడకపోతే సరిపోతుందిగా అని మీ నాన్నగారు అడుగుతారు కాబట్టి ఈ ఒక్క సంగతి ఆయనకి నిదానంగా చెప్పండి.

కలుషితమని తేలిందనుకుందాం. బాగుచేసే పద్ధతులు లేకపోలేదు. మచ్చ చిన్నదైతే ఆ మట్టిని తవ్వి దుండిగల్‌కి పంపడం, ద్రావకాలైతే నేలలోని ఆవిరిని పంపులతో లాగడం, పర్మాంగనేట్ లాంటివి లోపలికి పంపి విరగ్గొట్టడం, హెక్సావాలెంట్ క్రోమియంని ఫెర్రస్ సల్ఫేట్‌తో అంతగా హాని చేయని రూపంలోకి మార్చడం, నూనె మరకలకి సూక్ష్మజీవులతో శుద్ధి. పనిచేస్తాయి, కానీ బండ చీలికల్లోకి దిగినదాన్ని పూర్తిగా తీయడం చాలా కష్టం, ఏళ్లు పడుతుంది. కొడైకెనాల్‌లో పాదరసం థర్మామీటర్ల ఫ్యాక్టరీ 2001లో మూతపడితే మట్టి శుద్ధి పూర్తిస్థాయిలో మొదలవడానికే రెండు దశాబ్దాలు కావొచ్చింది, మధ్యలో సగం గొడవ కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాములు మిగిలితే "శుభ్రం" అన్నట్టు అన్నదాని మీదే. కాబట్టి ఒక ప్లాటు వరకూ శుద్ధి చేసిస్తామని వెంచర్ వాళ్లు ముందుకొస్తే తొందరపడి ఒప్పుకోకండి. మీ ప్లాటు హద్దు రాళ్ల దగ్గర రసాయనాలు ఆగవు. పైన మంచి మట్టి మార్చినా పక్క నుంచి మళ్లీ వస్తాయి. చేస్తే మొత్తం స్థలానికి చేయాలి.

ఎవరు చేయాలి, డబ్బు ఎవరిది? మన దగ్గర చట్టం దీని మీద స్పష్టంగానే ఉంది. రాజస్థాన్‌లో బిచ్చడి అనే ఊళ్లో హెచ్ యాసిడ్ అనే రంగుల ముడిసరుకు తయారుచేసిన యూనిట్లు వేల టన్నుల బురద బయట పారబోసి చుట్టుపక్కల బావులన్నీ నల్లగా చేస్తే, 1996లో సుప్రీంకోర్టు కాలుష్యం చేసినవాళ్లే శుద్ధి ఖర్చు భరించాలని తీర్పిచ్చింది. ఆ డబ్బు వసూలు కోసం 2011లో మళ్లీ చక్రవడ్డీతో కట్టమని చెప్పాల్సి వచ్చింది, అది వేరే బాధ. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. మీకు ఇవి నేరుగా పనికొస్తాయి. వీటి ప్రకారం స్థానిక సంస్థ గానీ జిల్లా యంత్రాంగం గానీ తమంతట తామో, ప్రజల ఫిర్యాదు మీదో అనుమానాస్పద స్థలాలను గుర్తించి కాలుష్య నియంత్రణ మండలికి జాబితా పంపాలి. జాబితా చేరాక 90 రోజుల్లో కాలుష్య నియంత్రణ మండలి ప్రాథమిక పరిశీలన చేయాలి, అవసరమైతే ఇంకో మూడు నెలల్లో వివరమైన సర్వే. కలుషితమని తేలితే బాధ్యులెవరో తేల్చి శుద్ధి ఖర్చు వాళ్ల దగ్గర రాబట్టాలి. ఆ నిబంధనలు వచ్చేనాటికి దేశం మొత్తం మీద గుర్తించినవి 103 స్థలాలు, శుద్ధి మొదలైంది ఏడింటిలోనే. అంటే మీ ఫిర్యాదుని ఎవరో వచ్చి చేతిలోంచి అందుకుంటారని కాదు, వెంటపడాలి. కలెక్టర్ గారికి, మున్సిపాలిటీకి లేదా పంచాయతీకి, కాలుష్య మండలికి ముగ్గురికీ ఒకే రోజు లిఖితపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. అందులో "కలుషిత స్థలాల నిబంధనలు, 2025 కింద అనుమానాస్పద స్థలంగా నమోదు చేయండి" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి, లేకపోతే మామూలు కాలుష్య ఫిర్యాదుల కట్టలో కలిసిపోతుంది.

మీ డబ్బు సంగతి వేరే దారి. వెంచర్ రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదై ఉంటే, ప్రకటనలోనో బ్రోచర్లోనో రాసిన తప్పుడు మాట నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవాళ్లకి రెరా చట్టం 12వ సెక్షన్ కింద పరిహారం, వద్దనుకుంటే వడ్డీతో వాపసు అడిగే హక్కుంది. "స్వచ్ఛమైన భూగర్భజలాలు" లాంటి మాట బ్రోచర్లో ఉందేమో చూసి ఆ కాగితం భద్రంగా దాచండి, వాట్సాప్ మెసేజ్‌లు కూడా. పర్యావరణ నష్టానికి పరిహారం కోసం జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. పరిహారం దరఖాస్తుకి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి అయిదేళ్ల గడువు, కాబట్టి బోరు వేసిన తేదీ, డ్రిల్లింగ్ బిల్లు, మొదట వాసన గమనించిన రోజు ఇవన్నీ ఇప్పుడే రాసిపెట్టుకోండి. రెండిటికీ ముందు లాయరుని కలవండి. నేను నేల గురించి చెప్పగలను, కేసు ఎక్కడ వేయాలో ఆయన చెప్పాలి.

పిల్లల గురించి భయం అర్థమవుతోంది. మీరు అక్కడ ఉండటం లేదు, ఆ నీళ్లు వాడలేదు కాబట్టి ఇప్పుడు వాళ్లకి పరీక్షలంటూ పరిగెత్తక్కర్లేదు. ఆ వెంచర్‌లో ఇప్పటికే ఇళ్లు కట్టుకుని బోరు నీళ్లు వాడుతున్నవాళ్లుంటే వాళ్ల సంగతి వేరు. వాళ్లకి ఈ రోజే చెప్పండి, నీళ్లు ఆపమనండి, ఫలితాలు వచ్చాక వాటిని పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమనండి. ధర పడిపోతుందని నోరు మూసుకోమనేవాళ్లు ఆ గేటు లోపలే ఉంటారు. వాళ్ల బాధ కూడా నిజమే, కష్టార్జితం పెట్టారు. కానీ రేపు ఆ ప్లాటు ఎవరికో అమ్మితే ఆ ఇంట్లోనూ పిల్లలుంటారు. పునాదులు తవ్వే కూలీలు ఒట్టి చేతులతో ఆ మట్టిలో దిగుతారు, ఆ మట్టిని ట్రాక్టరు ఏ చెరువు గట్టునో పోసొస్తుంది.

నాన్నగారికి చెప్పండి, శ్రావణం మళ్లీ వస్తుంది. ఈ వారంలో చేయాల్సినవి రెండే: సమాచార హక్కు దరఖాస్తు, మిగతా ప్లాట్ల వాళ్ల ఫోన్ నంబర్లు. ఆ ఫ్యాక్టరీ ఏం తయారుచేసేదో తెలిశాక ఉత్పత్తుల పేర్లు నాకు రాయండి. నీళ్లలో, మట్టిలో, నేల గాలిలో ఏ పరీక్షలు అడగాలో, ఎక్కడెక్కడ తవ్వాలో లేఅవుట్ మీద గుర్తులు పెట్టి పంపిస్తాను.